22 డిగ్రీల గదిలో ఉక్కపోత: విశాఖపట్నంలో ఒక ఇంటి కేస్ స్టడీ

ఇళ్లకూ చిన్న ఆఫీసులకూ ఏసీ ఎంత సైజుది కావాలి, గాలి ఎటు నుంచి వచ్చి ఎటు పోవాలి అని లెక్క కట్టి చెప్పడం నా పని. చాలా ఏళ్లుగా విశాఖపట్నంలోనే చేస్తున్నాను. ఈ కేసు రాస్తున్నది ఇందులో నేను ఇచ్చిన రెండు సలహాలు విఫలమయ్యాయి కాబట్టి. రెండూ ఎక్కడ అడిగినా సరైనవే అంటారు. ఆ ఇంట్లో మాత్రం ఒకటి పని చేయలేదు, రెండోది పరిస్థితిని ఇంకా పాడు చేసింది. ఎందుకలా జరిగిందో అర్థమయ్యాక నేను పని చేసే పద్ధతే మారింది. ఇంటివాళ్ల అనుమతితో రాస్తున్నాను. వాళ్లను గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను.

ఇల్లు, మనుషులు

ఇద్దరూ రిటైరైన టీచర్లు. ఆయనకు 70 దాటాయి, ఆమె కొంచెం చిన్న. జీవితమంతా అనంతపురం జిల్లాలో గడిపి, కొడుకు ఉద్యోగం ఇక్కడ కాబట్టి మార్చిలో విశాఖ వచ్చేశారు. ఫ్లాట్ ఎంవీపీ కాలనీ వైపు, సముద్రానికి దగ్గరే. పై అంతస్తు. పెద్దవాళ్ల పడకగది 12 అడుగులకు 11 అడుగులు, పడమటి గోడకు సాయంత్రం దాకా ఎండ.

నేను మొదటిసారి వెళ్లింది మే రెండో వారంలో. సమస్య ఏంటని అడిగితే ఆమె చెప్పిన మాట అలాగే రాసుకున్నాను: "ఆడ ఎండ మండిపోతుంది నాయనా, కానీ నీడకొస్తే పానం నెమ్మదిస్తుంది. ఈడ నీడలో కూసున్నా చెమట కారతానే ఉంటుంది. ఆరదు."

ఆ చివరి మాటలోనే కేసంతా ఉంది. చెమట పట్టడం వల్ల ఒళ్లు చల్లబడదు, చెమట ఆరడం వల్ల చల్లబడుతుంది. ఒక లీటరు చెమట ఆవిరైతే ఒంట్లోంచి దాదాపు 2,400 కిలోజౌళ్ల వేడి పోతుంది. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లో పుట్టే వేడి సుమారు 100 వాట్లు. ఆ వేడంతా చెమట ద్వారానే పోవాలనుకున్నా, గంటకు 150 మిల్లీలీటర్లు పూర్తిగా ఆవిరైతే సరిపోతుంది. బొట్లుగా కారి బనియన్‌కు పట్టిన చెమట ఈ లెక్కలోకి రాదు.

రెండు ఊళ్లనూ పక్కపక్కన పెడదాం. అనంతపురంలో మే మధ్యాహ్నం 42 డిగ్రీలు, తేమ 20 శాతం అనుకోండి. అంటే ఆ వేడిలో గాలి పట్టగలిగిన నీటి ఆవిరిలో 20 శాతమే ఉందని; గాలి ఎంత వేడిగా ఉంటే అంత ఎక్కువ ఆవిరి పట్టగలదు. విశాఖలో 34 డిగ్రీలు, తేమ 70 శాతం. అక్కడ ఘనపు మీటరు గాలిలో ఉండే నీటి ఆవిరి 11 గ్రాములు, ఇక్కడ 26 గ్రాములు. చెమట ఆరాలంటే చర్మం మీది ఆవిరి ఒత్తిడికీ గాలిలోని ఆవిరి ఒత్తిడికీ మధ్య తేడా ఉండాలి. ఆ తేడా ఇక్కడ అక్కడికి సగం కూడా లేదు. అమెరికా వాతావరణ శాఖ వాడే హీట్ ఇండెక్స్ లెక్కలో వేసి చూస్తే అనంతపురం 42, ఒంటికి కూడా 42 లాగే ఉంటుంది. విశాఖ 34 మాత్రం 47 దాకా వెళ్తుంది. టీవీలో రెంటచింతల 44, విశాఖ 34 అని పక్కపక్కన చూపించినప్పుడు మన ఊరు హాయిగా ఉందనుకునే వాళ్లకు ఈ లెక్క చెప్పాలనిపిస్తుంది. భారత వాతావరణ శాఖ కూడా మైదానాల్లో 40 డిగ్రీలు దాటితే గానీ వడగాలుల మాట ఎత్తదు, తీరప్రాంతానికి మాత్రం ఆ గీతను 37 దగ్గర పెట్టింది.

వయసు ఇంకో సంగతి. పెద్దవాళ్లకు చెమట తక్కువ పడుతుంది, దాహం కూడా ఆలస్యంగా తెలుస్తుంది. ఇద్దరూ బీపీ మాత్రలు వాడుతున్నారు. అందుకే మొదటి రోజే, మాత్రల సంగతీ నీళ్ల సంగతీ వాళ్ల డాక్టర్‌తో ఒకసారి మాట్లాడమని కొడుకుతో చెప్పాను. అది నా పరిధి కాదు, కానీ చెప్పకుండా ఊరుకోలేను.

నేను వెళ్లేసరికి ఏం జరిగింది

సామాన్లతో పాటు లారీలో పెద్ద కూలర్ వచ్చింది. అక్కడ 20 ఏళ్లు వాళ్లను కాపాడిన వస్తువు. ఇక్కడ రెండు రాత్రులు వేసి ఆపేశారు. మాస్టారికి అది నమ్మశక్యం కాలేదు, మోటారు పాడైందేమో చూడమన్నారు. మోటారు బాగానే ఉంది.

కూలర్ గాలిని ఎంత చల్లబరచగలదో ఆ గాలి పొడితనమే నిర్ణయిస్తుంది. థర్మామీటర్ బల్బుకు తడిగుడ్డ చుట్టి గాలి తగలనిస్తే ఎంత చూపిస్తుందో దాన్ని వెట్ బల్బ్ ఉష్ణోగ్రత అంటాం. కూలర్ అంతకన్నా కిందికి పోలేదు. అనంతపురం 42 డిగ్రీలకు వెట్ బల్బ్ 24. మంచి కూలరైతే 28 దగ్గరి గాలి ఇస్తుంది. విశాఖ 34 డిగ్రీలకు వెట్ బల్బ్ 29. ఎంత మంచి కూలరైనా 30 డిగ్రీల గాలే ఇస్తుంది, అదీ 90 శాతం పైన తేమతో. నాలుగు డిగ్రీలు తగ్గించి, చెమట ఆరే దారి పూర్తిగా మూసేస్తుంది. ఇది కాగితం మీద గీసి చూపించాక మాస్టారు కూలర్‌ను వదులుకోవడానికి ఒప్పుకున్నారు. ఆయన లెక్కల మాస్టారు. ఆ తర్వాత ప్రతి విషయంలోనూ నాకు సాయపడింది ఆయనే.

కూలర్ తర్వాత కొడుకు ఏసీ పెట్టించాడు. తెలిసినవాళ్లు షాపు ఖాళీ చేస్తుంటే వాళ్ల 2 టన్నుల ఏసీ (టన్ను ఇక్కడ బరువు కాదు, చల్లబరిచే శక్తికి కొలత) తక్కువకు వచ్చింది. కంప్రెసర్ వేగాన్ని అవసరాన్ని బట్టి తగ్గించుకునే ఇన్వర్టర్ ఏసీ కాదు, పూర్తి వేగంతో నడవడమో ఆగిపోవడమో తప్ప తెలియని పాత పద్ధతిది. పై అంతస్తు, పడమటి గోడ, పెద్దదైతే మంచిదే కదా అనుకున్నాడు. ఆ ఆలోచనలో తప్పు పట్టడానికి లేదు, అందరూ అలాగే అనుకుంటారు.

ఏసీ వచ్చాక ఫిర్యాదు రూపం మారింది. 25లో పెడితే జిడ్డుగా ఉంటుంది. అందుకని 24, 23, చివరికి 22. 22లో ఆమె దుప్పటి కప్పుకుంటుంది, మోకాళ్లు పట్టేస్తున్నాయి. ఆయన పరుపు తడిగా తగులుతోందని లేచి కూర్చుంటారు. బట్టల అలమరలో ముక్కిపోయిన వాసన. వీటన్నిటికీ మించి, పడకగదికీ హాలుకీ మధ్య గోడ హాలు వైపున చెమ్మెక్కింది. ఆ గోడకు ఆనించిన బీరువా వెనక నల్లగా బూజు.

గోడ చెమ్మ చూసి ప్లంబర్‌ను పిలిచారు. గోడ అవతల చివర బాత్‌రూమ్ ఉంది కాబట్టి పైపు లీకని అతను టైల్స్ పగలగొట్టాడు. పైపులు పొడిగా ఉన్నాయి. మళ్లీ టైల్స్ వేయించారు, చెమ్మ అలాగే ఉంది. నన్ను పిలిచింది ఆ తర్వాత.

కొలతలు

నాతో రెండు తేమ మీటర్లు తీసుకెళ్తాను. వాటిని ముందు ఉప్పుతో సరిచూస్తాను: చిన్న గిన్నెలో ఉప్పు వేసి, కరిగిపోకుండా ముద్దలా తడిపి, మీటర్‌తో పాటు గాలి చొరని కవర్లో పెట్టి పూట ఆగితే మీటర్ 75 శాతం చూపించాలి. చూపించకపోతే ఎంత తేడా ఉందో రాసుకుంటాను. బజారులో దొరికే చవక మీటర్లు 5 నుంచి 10 శాతం అటూఇటూ చూపించడం మామూలే, దాన్ని నమ్మి నిర్ణయం తీసుకుంటే చిక్కే.

రాత్రి 11 గంటలకు గదిలో 22 డిగ్రీలు, 80 శాతం. బయట 29 డిగ్రీలు, 85 శాతం. వాచీ పెట్టుకుని కూర్చున్నాను: కంప్రెసర్ ఆరు నిమిషాలు నడిచి కట్ అవుతోంది, పది నిమిషాలు ఆగుతోంది. గదిలోకి గాలి ఊదే బ్లోయర్ మాత్రం ఆగకుండా తిరుగుతోంది. డ్రెయిన్ పైపు కింద కొలజాడీ పెడితే గంటకు 450 మిల్లీలీటర్లు వచ్చింది.

గోడ సంగతి తేల్చడానికి వంటింట్లోని అల్యూమినియం ఫాయిల్ ముక్క తీసుకుని హాలు వైపు గోడకు నాలుగు అంచులూ టేప్‌తో గట్టిగా అంటించాను. పొద్దున చూస్తే ఫాయిల్ పైన తడి, కింద పొడి. నీరు గోడలోంచి వస్తే ఫాయిల్ కింద చేరేది. పైన చేరిందంటే అది హాలు గాలిలోది. హాల్లో ఏసీ లేదు, కిటికీలు తెరిచే ఉంటాయి, లోపలి గాలీ బయటి గాలీ ఒకటే. ఆ గాలిని 26 డిగ్రీల దాకా చల్లారిస్తే చాలు, నీళ్లు వదులుతుంది. ఆ గీతనే డ్యూ పాయింట్ అంటారు. అవతల 22 డిగ్రీల గది, మధ్యలో నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ. బీరువా ఆనించిన చోట హాలు వెచ్చదనం గోడకు తగలదు, కాబట్టి అక్కడ గోడ ఇంకా చల్లబడి 26 కన్నా కిందికి పోయింది. చల్లని గ్లాసు బయట నీళ్లు పట్టినట్టే. ఒక్క ఫాయిల్ ముక్క ముందే అంటించి ఉంటే ఆ టైల్స్ పగిలేవి కావు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది, ఎందుకంటే ఇలాంటి గోడలు ఈ ఊళ్లో చాలా చూశాను.

మొదటి సలహా: 26లో పెట్టి ఫ్యాన్ వేయండి

22లో పెట్టడం వల్ల గోడ చల్లబడుతోంది, మోకాళ్లు పట్టేస్తున్నాయి, కరెంటు బిల్లు పెరుగుతోంది. కాబట్టి 26కి పెంచి, సీలింగ్ ఫ్యాన్ మూడులో వేయమన్నాను. ఫ్యాన్ గాలి ఒంటి మీది తడి గాలి పొరను తుడిచేస్తుంది, రెండు మూడు డిగ్రీలు తగ్గినట్టే ఉంటుంది. 2020 జనవరి నుంచి మన దేశంలో స్టార్ లేబుల్ ఉన్న ఏసీలన్నీ ఆన్ చేయగానే 24లో మొదలవ్వాలని నిబంధన పెట్టింది కూడా జనం అనవసరంగా 18కీ 20కీ తగ్గించకూడదనే. నా సలహాలో వింతేమీ లేదు.

మూడు రాత్రుల తర్వాత మాస్టారు ఫోన్ చేసి, "సార్, 26 డిగ్రీలే ఉంది, 76 శాతం ఉంది, నిద్ర లేదు" అన్నారు. ఘనపు మీటరుకు గ్రాముల్లోకి మార్చి చూసుకున్నాను. 22 డిగ్రీల్లో 80 శాతమంటే పదిహేనున్నర గ్రాములు. 26లో 76 శాతమంటే పద్దెనిమిదిన్నర. నా సలహా వల్ల గదిలో నీరు పెరిగింది.

కారణం ఏసీ సైజు. ఏసీ గాలిని ఆరబెట్టేది దాని లోపలి కాయిల్, అంటే గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట, చల్లగా ఉన్నంతసేపే. కాయిల్ మీద తేమ నీరుగా మారి, బొట్లు కట్టి, ట్రేలోకి జారి, పైపులోకి చేరాలంటే కంప్రెసర్ ఆగకుండా కొంతసేపు నడవాలి. ఈ గదికి రాత్రిపూట కావలసింది అర టన్ను పైచిలుకు. 2 టన్నుల ఏసీ నాలుగైదు నిమిషాల్లో గాలిని 26కి తెచ్చేసి ఆగిపోతుంది. ఆగాక కూడా బ్లోయర్ తిరుగుతుంటే కాయిల్ మీద మిగిలిన నీరు మళ్లీ గదిలోకే ఆవిరవుతుంది. 26కి పెంచితే కంప్రెసర్ నడిచే సమయం ఇంకా తగ్గింది. అంటే వాళ్లు 22లో పెట్టుకోవడం తెలియక చేసిన పని కాదు. జిడ్డు తగ్గించడానికి ఆ ఏసీతో ఉన్న ఒకే దారి అది. నేను దాన్ని ఒప్పుకోకుండా సలహా ఇచ్చాను.

రెండో సలహా: ఎగ్జాస్ట్ ఫ్యాన్

ఇది పెద్ద తప్పు. గదిలో తేమ ఎక్కువ, అటాచ్డ్ బాత్‌రూమ్ ఉంది, ఎండ తగ్గాక ఉతికిన బట్టలు కొన్ని ఆ గదిలోనే తాడు మీద ఆరుతున్నాయి. కాబట్టి బాత్‌రూమ్ తలుపు కొంచెం తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ రాత్రంతా వేసి ఉంచమన్నాను. తేమ బయటికి పోతుందని నా ఆలోచన.

మర్నాడు డ్రెయిన్ నీళ్లు కొలిస్తే గంటకు 700 మిల్లీలీటర్లు వచ్చాయి. అంతకుముందు 450 కదా, ఏసీ ఇప్పుడు బాగా ఆరబెడుతోందని సంతోషించాను. మాస్టారు మాత్రం మీటర్ చూపించి 84 శాతం అన్నారు. ముందు మీటర్‌ను అనుమానించి మళ్లీ ఉప్పు పరీక్ష పెట్టాను. మీటర్ సరిగ్గానే ఉంది.

బయటికి తోసిన ప్రతి ఘనపు మీటరు గాలికీ బదులుగా ఇంకో ఘనపు మీటరు తలుపు కిందనుంచో కిటికీ సందులోంచో లోపలికి రావాలి. ఆ రాత్రి బయటి గాలిలో ఘనపు మీటరుకు 24 గ్రాముల నీరుంది, గదిలో అంతకన్నా సుమారు 4 గ్రాములు తక్కువ. ఎగ్జాస్ట్ గంటకు 100 ఘనపు మీటర్లే లాగిందనుకున్నా, గంటకు 400 మిల్లీలీటర్ల అదనపు నీటిని నేనే గదిలోకి రప్పించాను. ఏసీ ఎక్కువ తీస్తోంది నిజమే, కానీ ఎక్కువ వస్తోంది కాబట్టి తీస్తోంది. పైపులో నీళ్లు పెరగడాన్ని మంచి గుర్తుగా చదివాను. వస్తున్నదెంతో తెలియకుండా పోతున్నది మాత్రం కొలిస్తే ఇలాగే అవుతుంది.

పొడి ఊళ్లో కిటికీ తెరిస్తే గది ఆరుతుంది. చలి దేశాల్లో కూడా అంతే, వాళ్ల పుస్తకాల్లో చెమ్మకు మందు వెంటిలేషనే. విశాఖలో మే నుంచి అక్టోబర్ దాకా కిటికీ తెరవడమంటే నీళ్లు పోసుకోవడమే. రాత్రి ఉష్ణోగ్రత తగ్గుతుంది కదా అని తెరుస్తాం, కానీ గాలిలోని నీరు రాత్రి కూడా దాదాపు అంతే ఉంటుంది. పొద్దున్నుంచి తెరిచి ఉన్న గదిలో పరుపు, దిండ్లు, అలమరలోని నూలు చీరలు అన్నీ ఆ తేమను పీల్చుకుంటాయి. రాత్రి ఏసీ వేశాక మొదటి రెండు మూడు గంటలూ వాటిని ఆరబెట్టడానికే సరిపోతుంది.

చివరికి పని చేసింది

ఖర్చు లేని పనులు ముందు పెట్టాను. ఎగ్జాస్ట్‌ను స్నానం తర్వాత 20 నిమిషాలకే పరిమితం చేశాం, అదీ బాత్‌రూమ్ తలుపు గదివైపు మూసి. బట్టలు మేడ మీదికి పోయాయి. ఒక వాయి బట్టలు మెషీన్లో పిండాక కూడా రెండు లీటర్ల పైన నీరు పట్టి ఉంటాయి. తలుపు కింద, కిటికీ చట్రాల చుట్టూ రబ్బరు పట్టీ వేశాం. గదిని సాయంత్రం నాలుగు నుంచే మూసి ఉంచమన్నాను. పొద్దున ఏసీ ఆపాక హాలు వైపు తలుపు తీసి కాసేపు గాలి మార్చుకోమన్నాను, మనుషులకు కొత్త గాలి కావాలి కాబట్టి. బీరువాను గోడ నుంచి నాలుగు అంగుళాలు జరిపించాం.

వీటితోనే 26 డిగ్రీల దగ్గర 84 శాతం 73కి వచ్చింది. ఏసీని డ్రై మోడ్‌లో, అంటే చల్లబరచడం కన్నా తేమ తీయడం మీదే పని చేసే అమరికలో పెడితే 68. అక్కడ ఆగిపోయింది. ఇంకా తగ్గాలంటే ఏసీ మార్చక తప్పదు. ఈ మాట కొడుకుతో చెప్పడానికి సంకోచించాను, అప్పటికే చాలా ఖర్చయింది. అందుకే చేతిలో లెక్క పెట్టుకుని చెప్పాను. మేడ మీద ఎండను తిప్పికొట్టే తెల్ల పూత వేయిస్తే మధ్యాహ్నం కావలసింది కూడా టన్నుకు లోపే, రాత్రి అందులో సగం. 2 టన్నులది వృథా కాదు, హాల్లోకి పోతుంది, అక్కడ దాని సైజుకు పని ఉంది. పడకగదికి 1 టన్ను ఇన్వర్టర్ చాలు.

ఇన్వర్టర్ పెట్టగానే తేమ దానంతటదే తగ్గదు, ఇది చాలామంది మెకానిక్‌లు కూడా చెప్పరు. కంప్రెసర్ నెమ్మదిగా తిరుగుతూ బ్లోయర్ హైలో ఉంటే కాయిల్ తగినంత చల్లబడదు, గాలిని చల్లార్చుతుంది గానీ ఆరబెట్టదు. అందుకని బ్లోయర్‌ను ఆటోలో వదలకుండా లోలో పెట్టాం. ఏసీ 26, సీలింగ్ ఫ్యాన్ మూడు. మొదట ఇచ్చిన సలహా అదే, ఇప్పుడు దానికి తగ్గ ఏసీ కింద పని చేసింది.

వారం తర్వాత రాత్రి రెండు గంటల రీడింగ్: ఇరవై ఆరున్నర డిగ్రీలు, 57 శాతం. గ్రాముల్లో పద్నాలుగు పైచిలుకు. పడుకున్న కొత్తలో గంటకు 900 మిల్లీలీటర్ల దాకా నీరు తీస్తోంది, తెల్లవారుజామున 500కి తగ్గుతోంది. ఈసారి ఆ తగ్గుదలను సరిగ్గా చదివాను: పరుపూ బట్టలూ ఆరిపోయాయి, తీయడానికి మిగిలింది తక్కువ. 22లో ఉన్నప్పటి కన్నా నాలుగున్నర డిగ్రీల వేడి గదిలో ఇద్దరూ పొద్దున దాకా నిద్రపోయారు. హాలు వైపు గోడ రెండు వారాల్లో ఆరింది, బూజు తుడిచాక మళ్లీ రాలేదు.

తీరనివి ఉన్నాయి. కరెంటు పోతే గంటలోపే గది మళ్లీ ఉక్కపోస్తుంది. హుద్‌హుద్ వచ్చిన 2014 అక్టోబర్లో రోజుల తరబడి కరెంటు లేక ఈ ఊరు పడిన అవస్థ నాకు గుర్తుంది. అందుకే ఫ్యాన్లకైనా ఇన్వర్టర్ బ్యాటరీ పెట్టించాను. 34 డిగ్రీల తేమ గాలిలో ఫ్యాన్ నిజంగా పనికొస్తుంది, 42 డిగ్రీల పొడి వేడిలో పెద్దవాళ్లకు వేడి గాలి కొట్టినట్టవుతుంది. వంటింట్లో పగటిపూట ఆమె పడే కష్టానికి నా దగ్గర ఇంకా మంచి జవాబు లేదు. అన్నం వార్చే పని పొద్దున ఏడింటికి ముందు ముగించుకోవడమే ప్రస్తుతానికి చేస్తున్నది.

ఈ కేసు తర్వాత నేను ఏ ఇంటికి వెళ్లినా టన్నులు అడగను. లోపల ఎన్ని గ్రాములు, బయట ఎన్ని గ్రాములు అని రెండు అంకెలు రాసుకుంటాను. కంప్రెసర్ ఎంతసేపు నడిచి ఎంతసేపు ఆగుతోందో గంట కూర్చుని చూస్తాను. గోడ చెమ్మంటే ఫాయిల్ అంటించకుండా ఎవరినీ సుత్తి పట్టుకోనివ్వను.

జులైలో మళ్లీ వెళ్లాను. వర్షాలు మొదలయ్యాయి, బయట ఎప్పుడు చూసినా 85కి పైనే. ఆమె వంటింట్లోంచి ఒక ప్లేటూ పడకగదిలోంచి ఒక ప్లేటూ తెచ్చి నా ముందు పెట్టింది. రెండింట్లోనూ రాత్రి చెంచాడు ఉప్పు పోసి ఉంచిందట. వంటింటి ప్లేటులో ఉప్పు నీరై అంచుదాకా పాకింది. పడకగది ప్లేటును కొద్దిగా వంచింది, ఉప్పు గలగలమని పక్కకు జారింది. "ఇది మా ఊరి ఉప్పు లాగ ఉండాది" అంది. మాస్టారు పక్కనుంచి పుస్తకం తెరిచి తేదీ, 58 శాతం అని రాసుకున్నారు.